ఏడో నంబరు మడి

మా మావయ్యను అందరూ తూకమయ్య అంటారు. పత్తి పరిశోధనా క్షేత్రంలో ముప్పై ఏళ్లుగా ఆయన పని ఒకటే: ఏ రకం పత్తిని ఆ రకం మడిలోంచి విడిగా తీయించి, తూచి, రాసిపెట్టడం. ఇంట్లో ఉప్పు కూడా తూచే వేస్తాడని అత్తయ్య ఎగతాళి చేసేది. ఆయన జన్మలో తప్పు తూకం వేయలేదు. నా కోపమంతా అక్కడే. తప్పింది తూకమైతే ఎవరో ఒకరు దిద్దేవాళ్లు.

అక్కడ ప్రతి రకాన్నీ రెండు చోట్ల వేస్తారు. ఒకటి నీళ్లు పెట్టే మడి, రెండోది వానకే వదిలేసే మడి. నీళ్లుంటే విరగకాసే రకం ఎండకు మొహం వేలాడేయవచ్చు. ఏది ఎక్కడ నిలుస్తుందో తేల్చడానికే ఈ తతంగమంతా.

ఆ ఏడు నలభై రోజులు చినుకు లేదు. మావయ్య అన్నం తినే షెడ్డు ఎదురుగానే ఏడో నంబరు రకం వాన మడి. మధ్యాహ్నానికి ఆకులు వాలిపోయేవి. తిన్నాక చెయ్యి కడుక్కుని, కూలీల బిందెల్లో మిగిలిన నీళ్లు రోజూ ఆ మొక్కల మొదళ్లలో పోసేవాడు. ఆ మాత్రానికే నీళ్లు పెట్టినట్టా అనుకున్నాడు.

పత్తి తీశాక వాన మడులన్నిటిలో ఏడో నంబరే ముందు నిలిచింది. ఆఫీసరు సంబరపడిపోయి, కరువుకు తట్టుకునే రకమని రాసేశాడు.

మాది లోతు లేని ఎర్రనేల, వానే దిక్కు. నాన్న పోయాక సాగంతా అమ్మదే.

"ఏ గింజ వెయ్యమంటావురా తమ్ముడూ?"

"ఏడో నంబరు వెయ్యక్కా. నా చేత్తో తూచాను."

అమ్మకు ఆ మాట చాలు. ఉన్న మూడెకరాల్లోనూ అదే వేసింది.

అమ్మ వేసిన ఏడూ వాన మొహం చాటేసింది. పక్క చేలో పాత రకం పొట్టిగా ఉన్నా కాయ పట్టింది. మా చేలో పూతా పిందే రాలిపోయాయి. మావయ్య వచ్చి ఒక మొక్క పీకి చూశాడు. వేరు జానెడు కూడా దిగలేదు. దాన్ని పట్టుకుని గట్టు మీద కూలబడ్డాడు.

"అక్కా, ఆ మడికి నేనే నీళ్లు పోశాను," అని బిందెల సంగతంతా చెప్పాడు.

"మొక్కను చూసి జాలిపడ్డావు. అక్క గుర్తురాలేదట్రా?" అంది అమ్మ. అరిచి ఉంటే బాగుండేది.

మర్నాడే ఆఫీసరు దగ్గర ఒప్పుకున్నాడు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టయింది. గింజలు అప్పటికే ఊళ్లన్నీ చేరాయి.

అమ్మ ఇప్పుడు ఆ క్షేత్రంలోనే కూలికి పత్తి తీస్తోంది. బిందెల్లో మిగిలిన నీళ్లు మావయ్య బాట మీద పారబోస్తాడు. సాయంత్రం అమ్మ తెచ్చిన బస్తా తూచేదీ ఆయనే. అక్క వంక చూడకుండా అంకె రాసుకుంటాడు.