గ్రేసమ్మ భక్తి

మా అత్త గ్రేసమ్మ నోరు మంచిది కాదు. కారంపూడి మిరప చేలల్లో ఆమె ముఠాలో కూలికి వెళ్లే ఆడవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. తెల్లారుజామున మోకాళ్లూని కన్నీళ్లతో ప్రార్థన చేస్తుంది, చేలో దిగాక ఎవరు దొరికితే వాళ్లను దులిపేస్తుంది. అందుకే, "భక్తిపరురాలు వస్తంది, నోళ్లు మూసుకోండే" అని వెనకాల నవ్వుకునేవాళ్లు.

మొన్న మట్టల ఆదివారం నా కూతురు కరుణ మొదటిసారి ప్రభువు బల్లలో చెయ్యి వేయాలి. మా లూథరన్ గుడిలో పిల్లలు ప్రశ్నోత్తరి అప్పజెప్పాకే ఆ రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. ఆ రోజు మనవరాలి పక్కన మోకరించాలని అత్త ఏడాదిగా కలలు కంది. తెల్లచీర కూడా కొనుక్కుంది.

ముందురోజు చేలో, ముఠాలోని సాబిరా కొంగులో మిరపకాయలు కనిపించాయి. "కూలికొచ్చావా, దొంగతనానికొచ్చావా?" అని అత్త అందరి ముందూ కడిగేసింది. సాబిరా కొంగులోని కాయలు గట్టున పోసి ఇంటికి వెళ్లిపోయింది.

ఆదివారం గుడికి వెళుతుంటే చేను గలామె పద్మజ ఎదురైంది. "సాబిరాకి ఆ తాలుకాయలు నేనే ఇచ్చా గ్రేసమ్మా, కారానికి పనికొస్తయ్యని" అంది. అత్త ముఖం మాడిపోయింది.

"సాబిరా దగ్గరికి గుడయ్యాక పోదువులే అత్తా" అన్నాను.

కరుణ పక్కన మోకరించిన అత్త, పాస్టరు గారు రొట్టెతో దగ్గరికి వచ్చేసరికి లేచి నిలబడింది.

"అయ్యగారూ, నాకొద్దు. నిన్న సాబిరాని దొంగన్నా. ఆమె దొంగ కాదు. ఆ మాట విన్నోళ్లు చానామంది ఇక్కడే ఉన్నారు, ఇది గూడా వినండి."

గుమ్మం దగ్గర విడిచిన చెప్పులైనా తొడుక్కోకుండా సాబిరా ఇంటివైపు నడిచింది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క నిమిషం ఆగితే ఏం పోయె! ఇంతలో ఎవరో ఆ ఖాళీలో మోకరించబోతే కరుణ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది మా నాయనమ్మ చోటు."

అప్పుడు నా కోపం ఎటు పోయిందో తెలియదు. అలాంటి ఇంటికి కోడలినైనందుకు గర్వంతో ఏడ్చాను.

సాబిరా తలుపు తీసి ముందు తిట్టిందట, తిట్టి తిట్టి మంచినీళ్లిచ్చిందట. అత్త తిరిగొచ్చేసరికి ఆరాధన ముగిసింది, బల్ల సర్దేశారు. అత్త కరుణ తల నిమిరి, "వచ్చే నెల బల్లకి నీ పక్కనే మోకరిస్తాలే" అంది.

ఇప్పుడు మా ముఠాలో ఎవరు పోట్లాడుకున్నా, "ఏమే, ముందు పోయి గ్రేసమ్మ భక్తి చేసి రా" అంటారు. ఆ మాట మొదట అన్నది సాబిరా.