మోచేతి దాకా తడి

పోయిన మంగళవారం మా పెద్దమ్మ చనిపోయింది. ఫోన్ వచ్చినప్పుడు నేను ఎమ్మిగనూరులో పత్తి విత్తనాల కోసం వరుసలో నిలబడి ఉన్నాను. "పెద్దమ్మ ఇంగ లేదన్నా" అన్నాడు తమ్ముడు. అట్లే వరుస వదిలి వచ్చి బస్సెక్కాను. నా వెనకాయన వెంటనే ముందుకు జరిగాడు. తప్పేముంది, అదను ఎవరి కోసమూ ఆగదు కదా.

ఆమె చేను మా గట్టు పక్కనే. వాన పడిన మర్నాడు పొద్దున్నే పార తెచ్చుకునేది. పొడిమట్టి తగిలేదాకా గుంత తీసి, గాజులు పైకి తోసి అందులో చెయ్యి దించేది. తడి మోచేతి దాకా దిగితేనే విత్తడం. ఊరంతా విత్తడానికి గొర్రు కట్టినా సరే, ఆమె కదిలేది కాదు. "మొగం కడిగినంత వానకి కడుపు నిండుతాదా?" అనేది.

నోరు కాస్త గట్టిదే. ఒకసారి ఆదోని యార్డులో మా పత్తిలో తేమ ఎక్కువుందని వ్యాపారి ధర తగ్గించాడు. మేమంతా తలలు దించుకుంటే ఆమె నవ్వింది. "సేన్లో సూస్తే తడి లేదు, ఈడ సూస్తే ఎక్కువంట. ఆ తడేదో మా సేన్లోకి పంపించప్పా!" వ్యాపారీ నవ్వాడు. ధర మాత్రం పెంచలేదు.

మూడేళ్ల కిందట నేను ఆమె మాట వినలేదు. తొలి వానకే అందరితో పాటు పత్తి వేశాను. తర్వాత నెలరోజులు చుక్క లేదు, మొలకలు మాడిపోయాయి. మళ్లీ విత్తనాలు కొనే శక్తి లేక, గుంటూరు వైపు సుగ్గికి, అంటే వలసకూలికి పోదామని మూటలు కట్టాం. ఆరో తరగతి చదివే కూతురిని బడి మానిపించి తీసుకుపోవాలి. పాప ఏడవలేదు. పుస్తకాలు బియ్యం సంచిలో సర్దుకుంది. అది చూసి నాకే ఏడుపొచ్చింది.

అప్పుడు వచ్చింది పెద్దమ్మ, బూడిద కలిపి దాచుకున్న కొర్రల కుండ చంకన పెట్టుకుని. మోచేతికి నల్లమట్టి ఇంకా ఆరలేదు.

"రాత్రి వాన బాగా దిగింది, మీ సేను సూసే వచ్చినా. కొర్రకి ఇంగా అదనుండాది. మూటలిప్పు నాయనా."

నేను చేసిన తొందర గురించి ఒక్క మాట ఎత్తలేదు. ఆ ఏడంతా కొర్రన్నం తిని ఊళ్లోనే ఉన్నాం. పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. కొర్రన్నమంటే మొహం చిట్లిస్తుంది. చిట్లించనీ, బడికి పోతోంది.

పెద్దమ్మను మట్టి చేసిన మూడో రోజు వాన పడింది. తెల్లారేసరికి చుట్టుపక్కల చేలన్నిట్లో ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. మళ్లీ వెళ్లి తెచ్చుకున్న విత్తనాల సంచి భుజాన వేసుకుని నేనూ బయల్దేరాను. పాప పార పట్టుకుని వెంట వచ్చింది. నేను చెప్పకుండానే గుంత తీసి, మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి దించింది.

"యాడికి దిగింది?" అన్నాను.

చెయ్యి పైకెత్తి చూపింది. వేళ్లకు పొడి దుమ్ము. మణికట్టు చుట్టూ మాత్రం నల్లని తడిమట్టి, గాజు తొడిగినట్టు.

సంచి విప్పకుండానే ఇంటిదారి పట్టాం.