నీళ్లలో నిలబడటం నేర్పిన చాచా

ఆ శుక్రవారం పొద్దున దోహా బయట సుమైస్మా తీరంలో, మోకాలిలోతు నీళ్లలో గాలం పట్టుకుని చాచా కోసం చూస్తున్నాను. ఫజర్ నమాజ్ కాగానే వస్తానన్నాడు. ఫోన్ మోగింది. సిటీలోని ఉమ్ ఘువైలినాలో చాచాతో ఒకే రూంలో ఉండే కోరుట్ల తమ్ముడు.

“అన్నా, చాచా పోయిండు.”

“ఎంతసేపైంది బయలెల్లి?” అని అడిగాను.

“గట్ల గాదన్నా. పానం పోయింది.”

నమాజ్ చేసి, చాయ్ తాగి, మంచం మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటూ ముందుకు ఒరిగిపోయాడట. అంబులెన్స్ వచ్చేసరికే అయిపోయిందట. “ఇంకోపారి సూడుండ్రి, నిద్ర పట్టిందేమో” అన్నాను. ఫోన్ పెట్టేశాక మళ్లీ గాలం విసిరాను. ఎందుకు విసిరానో ఇప్పటికీ తెలియదు.

జ్వరమని ఒక్కరోజు డ్యూటీ మానని మనిషి. ముందురోజు సాయంత్రమే వాయిస్ మెసేజ్ పెట్టాడు. “పొద్దుగాల నీళ్లు ఎనుకకు పోతయి. పాత బూట్లు తొడుక్కో. చెప్పులతోని వచ్చినవంటే వాపస్ పంపుత.” ఆ గొంతులో ఆయాసం లేదు, అలసట లేదు. ఎన్నిసార్లు విన్నా ఏమీ దొరకలేదు.

నేను ఏసీ మెకానిక్‌ని. మాది జగిత్యాల దగ్గర పల్లె. చాచాది నిజామాబాద్, పుట్టి పెరిగింది గోదావరి ఒడ్డున. దోహాలో చేపల వేట సామాను అమ్మే దుకాణంలో సేల్స్‌మన్. అక్కడి ఏసీ బాగుచేయడానికి వెళ్లినప్పుడు పరిచయం. నిచ్చెన ఎక్కుతున్న నన్ను కిందినుంచి చూసి, “ఒక కాలు గట్టిగ నిలబడ్డంకనే ఇంకో కాలు లేపు” అన్నాడు. తర్వాత నీళ్లలోనూ అదే మాట. అప్పటినుంచి నా శుక్రవారాలన్నీ ఆయనతోనే గడిచాయి.

ఎండాకాలం వస్తే ఆ దుకాణానికి చల్లటి దేశాలకు వెళ్లేవాళ్లు వచ్చేవారు. అక్కడి కొండ నదుల్లో ట్రౌట్ చేపలుంటాయట. ఈకలూ దారమూ చుట్టిన ఉత్తుత్తి పురుగును నీటి మీద ఆడించి పడతారట. ఛాతీ దాకా వచ్చే రబ్బరు ప్యాంటు కొన్నవాళ్లను చాచా ఊరికే పంపేవాడు కాదు. దుకాణంలోనే తొడిగించి నడిపించేవాడు, గొంతుక్కూర్చోబెట్టేవాడు. నడుముకు బెల్టు బిగించి రెండు వేళ్లు దూర్చి చూసేవాడు. పడిపోతే నీళ్లు కాళ్లలోకి దిగకుండా ఆపేది ఆ బెల్టే అనేవాడు. నాచు రాళ్ల మీద జారకుండా అడుగున మందపాటి కంబళి అట్ట ఉన్న బూట్లు చూపించేవాడు. ఒకసారి ఒకాయన ఖరీదైన రాడ్డు కొని, ఊతకర్ర మాత్రం ముసలివాళ్లకని నవ్వాడు. చాచా నవ్వలేదు.

“రాడ్ ఛోడ్‌కే జావ్ సర్. లకడీ ఛోడ్‌కే నక్కో జావ్.”

రాడ్డు వదిలేసి వెళ్లినా ఫరవాలేదు, కర్ర లేకుండా దిగొద్దని. ప్రవాహానికి ఎదురుగా ఛాతీ పెట్టి నిలబడితే తోసేస్తుందని, పక్కకు తిరిగి నిలబడాలని, కర్ర ఎగువ వైపు ఆనించాలని దుకాణం మధ్యలో నిలబడి చేసి చూపించాడు. చివరికి ఆ నవ్వినాయన కర్ర కూడా కొనుక్కెళ్లాడు.

“చాచా, నువ్వు ట్రౌట్ నది ఎప్పుడన్న చూసినవా?” అని అడిగాను.

“ఫోన్ల చూసిన. నీళ్లు ఏ దేశంలనైనా గట్లనే దొబ్బుతయి రా. గోదాట్ల నేర్చిందే చెప్తున్న.”

ఇక్కడి సముద్రానికి ఆయన నియమాలు వేరు. అడుగెత్తి వేయకూడదు, ఇసుక మీద పాదం ఈడ్చాలి. తోకలో విషపు ముల్లున్న చేపలు ఇసుకలో పడుకుని ఉంటాయి. పాదం తగిలే లోపు అలికిడికి తప్పుకుంటాయి. ప్యాంటు జేబు తడిసిందంటే ఆపైన ఇంకో అడుగు లేదు.

ఒక్కసారి ఆయన మాట వినలేదు. అల్ ఖోర్ దాటాక మడ చెట్ల దగ్గర, పెద్ద చేప కదిలిందని బురదలోకి దిగాను. తొడ దాకా కూరుకుపోయాను. నీళ్లు తిరిగి వస్తున్నాయి. గింజుకున్నకొద్దీ దిగుతున్నాను. చాచా అరవలేదు.

“గుంజకు. ఎనుకకు ఒరుగు. నీళ్ల మీద పన్నట్టు పండు. నేనొస్తున్న.”

బురద అంచున బోర్లా పడుకుని కర్ర అందించాడు. పాదం కొద్దికొద్దిగా కదిలించమన్నాడు. ఒక కాలు వచ్చింది, చాలాసేపటికి రెండోదీ వచ్చింది. బూటు ఒకటి అక్కడే ఉండిపోయింది. ఒడ్డుకు వచ్చాక తిడతాడనుకున్నాను. ఫ్లాస్కులోంచి చాయ్ పోసి నాకిచ్చి, అటు తిరిగి కూర్చుని గాలానికి ముడులు వేయసాగాడు. ఒక్క ముడీ పడలేదు.

“మీ అమ్మకు నేనేం జెప్పేటోన్ని?” అన్నాడు చివరికి. అంతే. మళ్లీ ఎన్నడూ ఆ సంగతి ఎత్తలేదు.

ఇక్కడే మట్టి ఇవ్వమని ఇంటివాళ్లు అన్నారు. కాగితాలయ్యాక ఆదివారం మధ్యాహ్నం జొహర్ నమాజ్ తర్వాత ఖబరస్తాన్‌లో దించాం. అందరితోపాటు మూడు గుప్పిళ్లు మట్టి వేశాను. వేస్తున్నవి నా చేతులేనని అనిపించలేదు.

ఆ సాయంత్రం నిజామాబాద్ నుంచి చాచీ ఫోన్ చేసింది. ఆమెను నేనెప్పుడూ చూడలేదు.

“బేటా, నీతోనే చేపలకు పోతుండె గద. నా దగ్గర దాయకు. నీళ్లల్ల పోయిండా?”

“లేదు చాచీ. రూంలనే. మంచం మీద కూసొని.”

“ఆ పొద్దు నీళ్లల్ల దిగనే లేదా?”

“దిగలే చాచీ.”

“ఇన్నేండ్లు ప్రతి శుక్రవారం ఆ సముద్రానికే భయపడ్డ. రూంకొచ్చిన అని ఫోన్ జేస్తేనే అన్నం తింటుంటి. మంచం మీద పోతడని నాకేం ఎరుక?”

ఆమె ఫోన్ కట్ చేయలేదు, పక్కన పెట్టేసినట్టుంది. వాళ్లింట్లో ఎక్కడో నల్లా విప్పి ఉంది. బకెట్ నిండి, నీళ్లు పొర్లి బండల మీద పడుతున్న చప్పుడు. ఎవరూ లేచి కట్టేయలేదు. ఫోన్ చెవికి పెట్టుకుని అది వింటూ అలాగే నిలబడ్డాను.