పాట అయ్యేదాకా లేవని మా అత్తగారు

మా అత్తగారు మొన్న పొద్దున్న పోయారు. నేను కాఫీ తెచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. పిలిస్తే పలకలేదు. మా ఆయన వచ్చి చెయ్యి పట్టుకుని చూసి, "అమ్మ వెళ్ళిపోయిందే" అన్నారు. ఆవిడ గురించి నలుగురికీ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను. నేను చదివింది ఐదో తరగతి దాకానే. నాకు వచ్చిన మాటల్లోనే చెబుతాను.

వాళ్ళది ఉప్పాడ. ఇంటిని సముద్రం కోసేశాక పిఠాపురం వచ్చి అద్దెకున్నారు. ఆవిడ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఈ ఊరి వీధులన్నీ తిరిగిన మనిషి. నేను కాపురానికి వచ్చేసరికి కళ్ళలో నీటికాసులు వచ్చి ఆవిడ చూపు పోయింది. ఎదుటి మనిషి నీడలా కనబడితే గొప్ప. నేనేమో నోరు విప్పని దాన్ని. ఏం అడిగినా తల ఊపేదాన్ని. చూపులేని మనిషికి తల ఊపితే ఏం తెలుస్తుంది? "ఉన్నావా పిల్లా, పోయావా?" అనేవారు.

అప్పట్లో సాయంత్రాలు కేబుల్‌లో ఒక బొమ్మల సీరియల్ వచ్చేది. కుంటి గుర్రాన్ని వెంటబెట్టుకుని మంచు కొండల్లో ఊరూరా తిరిగే అమ్మాయి కథ. సెలవులకు వచ్చిన మా ఆడపడుచు పిల్లలు దాన్ని వదిలేవారు కాదు. మాటలు ఇంగ్లీషులో ఉండేవి, ఇంట్లో ఎవరికీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. మా అత్తగారికి బొమ్మ కూడా లేదు. మిగిలింది సంగీతం ఒక్కటే. దాన్ని బట్టే ఆవిడ కథ చెప్పేసేవారు.

"ఎవరో ఊరు విడిచి వెళ్తున్నారు కదూ?"

నిజంగానే ఆ అమ్మాయి మూట కట్టుకుంటూ ఉండేది.

"ఇప్పుడు వంట చేస్తున్నారు."

"నీకెలా తెలిసింది మామ్మా?"

"ఆ వాయించేవాడికి నోట్లో నీళ్ళూరుతున్నాయి, వినబడట్లేదా?"

ఒక్కోసారి తప్పేది. పెళ్ళి జరుగుతోందంటే పిల్లలు పడీపడీ నవ్వారు. "మామ్మా, పందులు పరిగెడుతున్నాయి."

"పెళ్ళివారే అయ్యుంటారు. సరిగ్గా చూడండి."

పిల్లలు వెళ్ళిపోయాక, మా ఆయన హార్బర్ పనిలో ఉంటే, ఇంట్లో ఇద్దరమే మిగిలాం. "ఇక నువ్వే చెప్పాలి" అన్నారు. తల ఊపితే కుదరదు కదా. చెట్టు, గుర్రం, పిల్ల ఏడుస్తోంది అని ముక్కలు ముక్కలుగా చెప్పేదాన్ని.

"ఎందుకేడుస్తోంది?"

"తెలీదత్తా."

"వేణువు వస్తోందిగా. గుర్రానికేదో అయ్యింది, కాళ్ళు చూడు."

ఆ వేణువే మంచు పడేటప్పుడూ వచ్చేది. ఆవిడా మంచు చూడలేదు, నేనూ చూడలేదు. అయినా అది వినబడితే ఆవిడ కొంగు భుజాల మీదికి లాక్కునేవారు. మొదట్లో వచ్చే డప్పుల పాట వింటే మాత్రం హుషారు. తీరాన వల లాగుతున్నట్టు ఉంటుందనేవారు.

చివర్లో తెర మీద పేర్లు పడేటప్పుడు ఇంకో పాట వచ్చేది. నేను టీవీ కట్టేయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "చేపలమ్ముకుని, ఖాళీ తట్ట పక్కన పెట్టుకుని, గుళ్ళో హరికథలు విన్నదాన్ని. మంగళం పాడకుండా ఎవరైనా లేస్తారా? కూర్చో." ఇక ఆ పాట అయ్యేదాకా లేచింది లేదు, పొయ్యి మీద పాలున్నా సరే. ఆ వేళకు ఎవరొచ్చినా కూర్చోవాల్సిందే. మీటరు చూడ్డానికి వచ్చిన కరెంటాయన కూడా ఒకసారి చాప మీద బుద్ధిగా కూర్చున్నాడు.

కొన్నాళ్ళకు ఆ పాట రావడం మానేసింది. కథ అయీ అవకముందే సబ్బుల ప్రకటనలు. ఆవిడ కొంత ఓపిక పట్టారు. ఒకనాడు చెప్పులు వెతుక్కుని, "పద, కేబుల్ ఆఫీసుకి" అన్నారు. నా భుజం పట్టుకుని నడిచారు. అక్కడ అందరూ మగవాళ్ళే.

"ఏం బాబూ, మంగళం కోసేస్తున్నావేంటి?"

"ఏ మంగళం మామ్మగారూ?" అన్నాడు కేబుల్ అబ్బాయి.

"గుర్రం పిల్ల కథలోది."

"అవన్నీ పైనుంచే అలా వస్తాయండి. నా చేతిలో ఏం లేదు. అయినా అలాంటి జపాన్ బొమ్మలు చాలా ఉన్నాయి. మీరనేది ఏదో ఎలా తెలుస్తుందండి?"

అది జపాన్‌దని మాకు తెలిసింది అప్పుడే.

"మా కోడలు పాడుతుంది, విను."

నేను ఆవిడ కొంగు పట్టుకుని లాగాను. చిన్నప్పుడు బడిలో ప్రార్థన పాడితే నా గొంతు రేకు డబ్బాలా ఉందని నవ్వారు. ఆ తర్వాత నేను నలుగురిలో పాడలేదు. "నా వల్ల కాదత్తా" అన్నాను చెవిలో.

"వీళ్ళకి తెలీదు. నాకు గొంతు లేవదు. ఆ పాట ఇప్పుడు నీ దగ్గరే ఉంది. నువ్వు పాడకపోతే పోయినట్టే" అన్నారు నెమ్మదిగా.

నేలవైపు చూస్తూ మొదలుపెట్టాను. దానికి మాటల్లేవు, రాగమే. సగంలో రాగం తప్పాను. ఆవిడ నా భుజం మీద వేళ్ళతో తాళం వేస్తూనే ఉన్నారు. మధ్యలో కుర్చీ జరిగిన చప్పుడైతే, "కూర్చో నాయనా, ఇంకా అవ్వలేదు" అన్నారు. చివరిదాకా పాడాను. ఎవరూ నవ్వలేదు. "తెలిసిందండి" అన్నాడు ఆ అబ్బాయి.

తర్వాత అతనే కాకినాడ నుంచి ఒక సీడీ తెచ్చిచ్చాడు. అందులో ఆ సీరియల్ పాటలూ, మేం చూడని ఇంకేవో జపాన్ బొమ్మల కథల పాటలూ ఉన్నాయి. మధ్యాహ్నాలు అన్నాలయ్యాక పెట్టుకునేవాళ్ళం.

"ఇదేం కథే?"

"చూడలేదత్తా."

"అయితే నువ్వే చెప్పు."

చెప్పేదాన్ని. పడవ తప్పిపోయిందనీ, ఎవరో అక్కకు జడ వేస్తున్నారనీ, తోచిందల్లా. ఆవిడ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని, "ఊఁ, తర్వాత?" అనేవారు. నాకు మాట నేర్పుతున్నానని ఆవిడ ఏనాడూ అనలేదు. తనకు కనబడదు కాబట్టి చెప్పమనేవారు, అంతే. కానీ ఆ మధ్యాహ్నాలు లేకపోతే నేను ఈ ఇంట్లో తల ఊపుకుంటూనే ఉండిపోయేదాన్ని.

నిన్న పొద్దున్న వీధి బోరింగు దగ్గర బిందె పెట్టి నీళ్ళు కొడుతున్నాను. ఏదో రాగం తీస్తున్నానని నాకే తెలీదు. అది సీడీలోది కాదు, ఎక్కడా విన్నది కాదు. బిందె ఎప్పుడో నిండింది. నీళ్ళు పొర్లి నా పాదాల మీంచి కాలవలోకి పోతున్నాయి. తలెత్తి చూస్తే, ఆడవాళ్ళందరూ ఖాళీ బిందెలు నడుముకు ఆనించుకుని నిలబడి ఉన్నారు. ఎవరూ జరగమనలేదు.