మా గేటుకు ఎదురుగా మూడు నెలల చదువు

ముందే చెబుతున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. చెంబెడు నీళ్లను చెరువు చేసి చూపిస్తాను. సగం కొట్టేసుకుని చదవండి.

చొప్పదండిలో ఒక సర్కారు కాలేజీలో నేను ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతాను. మొన్న వేసవిలో సరిగ్గా మా గేటుకు ఎదురుగా యువతకు మూడు నెలల్లో కరెంటు పని నేర్పే ఉచిత శిక్షణ కేంద్రం తెరిచారు. అదీ సర్కారుదే. మా క్లాసులో ఉన్న ఒక్క ఫ్యానూ తిరగాలంటే కర్రతో పొడవాలి. అక్కడి ఏసీకి శిక్షకుడి మీసాల మీద మంచు పడుతుంది. పిల్లలకు నీలం టీషర్టు, మధ్యాహ్నం భోజనం. ఆ తాలింపు వాసన రోడ్డు దాటి వచ్చి నా బోర్డు మీది సూత్రాలను తుడిచేసేది. నా కడుపుమంట మీద ఆ వంట మొత్తం వండుకోవచ్చు.

ఇరవై మంది చేరకపోతే మా సెక్షన్ ఎత్తేస్తారు, నన్ను ఎక్కడో ఉన్న కాగజ్‌నగర్‌కు బదిలీ చేస్తారు. చేరింది పదమూడు మందే. ప్రతి వేసవిలాగే కరపత్రాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ఒక ఇంట్లో బీడీలు చుడుతున్న ఇల్లాలు తల కూడా ఎత్తలేదు.

“రెండేండ్లు మీ తాన కూసుంటే ఏమొస్తది సారూ? గా ఎదురుంగ మూడు నెల్లకే కాయిదం ఇస్తరట. మా చిన్నోడు దుబాయి పోవాలె.”

“మూడు నెల్లల్ల ఏం నేరుస్తడక్కా? కరెంటు ముట్టుకుంటే కొడ్తదని తెలుస్తది, గంతే!”

“గది తెలిస్తే సాలదా సారూ?”

మర్నాడు నేరుగా ఆ కేంద్రంలోకే దూరాను. శిక్షకుడు ఒకప్పుడు నా దగ్గర చదివినవాడే. లేచి గిర్రున తిరిగే తన మెత్తటి కుర్చీ నాకిచ్చాడు. అలాంటి కుర్చీ మా ప్రిన్సిపాల్‌కు కూడా లేదు.

“దండం సార్! మంచిగ వచ్చిండ్రు. నాకు ముప్పై మంది కావాలె, ఇరవై నాలుగే ఉన్నరు. నిండకపోతే బ్యాచ్ క్యాన్సిల్, నా నౌకరీ ఖతం. మీ పొల్లగాండ్లను జర పంపుండ్రి సార్.”

నా పిల్లలను ఎత్తుకుపోయినవాడే నన్ను పిల్లల్ని ఇమ్మని అడుగుతున్నాడు! నేను ఛాతీ విరిచి, “పొద్దుగాల్ల నా తాన, పగటి బువ్వ యాళ్ల నుంచి నీ తాన. ఇద్దరం పంచుకుందాం. కని యాదుంచుకో, నీకు వైరు పట్టుడు నేర్పినోణ్ణి నేనే!” అని గర్జించాను. కిటికీ అద్దాలు అదిరాయి.

వారం తిరిగేసరికి నా రిజిస్టర్‌లో ఇరవై ఒక్క పేర్లు. సెక్షన్ నిలిచింది, వాడి బ్యాచూ నిండింది. పిల్లలు నీలం టీషర్టులతోనే నా క్లాసుకొచ్చి, భోజనానికి ఇంకెంతసేపని గడియారం చూస్తుంటారు. కడుపు ఇంకా మండుతూనే ఉంది.

ఇందులో నేను కల్పించింది ఆ గర్జన. పంచుకుందామన్నది వాడు. నా సెక్షన్ సంగతి నేను నోరు తెరవకముందే వాడికి తెలుసు. “ఇద్దరం బతుకుదాం సార్” అన్నాడు. నేను తల ఊపాను, అంతే. ఆ మాట నాకు ముందు తట్టలేదని ఇప్పటికీ వాడిమీద కుళ్లే.