మా చెల్లెలి మురికినీళ్ల సీసా

పోయిన మంగళవారం ఉదయం మా చెల్లెలు కన్నుమూసింది. ఇక్కడ కెనడాలో, సస్కటూన్‌లో ఉన్న మీలో చాలామందికి ఆమె తెలుసు. మీ పిల్లలు "డర్టీ వాటర్ ఆంటీ" అనేవారు. ఆ పిలుపుకు మురిసిపోయేది. నాకు రాయడం అలవాటు లేదు, అలసటగానూ ఉంది. గుర్తున్నంత రాస్తాను.

యూనివర్సిటీ ల్యాబ్‌లో ఆమె పని మురుగునీటి నుంచి కరెంటు తీయడం. గాలి చొరని సీసాలో నల్లటి కార్బన్ గుడ్డ వేలాడుతుంది. నీళ్లలోని సూక్ష్మజీవులు దాని మీద పొరకట్టి, మురికిని తింటూ కరెంటును ఆ గుడ్డకు వదులుతాయి. తీగ దాన్ని అందుకుంటుంది. వచ్చేది చాలా కొద్ది. ఎవరింటికి భోజనానికి వెళ్లినా, సింకులో ఏం పారబోస్తారని అడిగేది. నేను సిగ్గుతో తల దించుకునేదాన్ని. "పారబోసిన దాంట్లోనూ ఎవరిదో ఒకరి భోజనం ఉంటుందక్కా" అనేది.

ఈ చలిలో, నీటిని వేడి చేయకుండా ఆ సూక్ష్మజీవులు పనిచేస్తాయా? అదే ఆమె చివరి ప్రశ్న. కీమో మొదలై ల్యాబ్‌కు వెళ్లలేకపోయినప్పుడు, బేస్‌మెంట్‌లో చల్లటి మూలన ఒక సీసా, దానికి కరెంటు కొలిచే మీటరు, పక్కన థర్మామీటరు పెట్టుకుంది. మురికి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పారు. అందుకని అందులో బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తొలిచిన నీళ్లు పోసే పని నాకు వచ్చింది.

శుక్రవారం పూజకు ముందు ఇల్లంతా కడుక్కోవడం నా అలవాటు. ఒక శుక్రవారం ఆ గుడ్డ మీద జిగట చూసి మనసొప్పలేదు. తీసి, వేడినీళ్లలో సబ్బు పెట్టి రుద్ది, మళ్లీ వేలాడదీశాను. సాయం చేశాననే అనుకున్నాను.

సాయంత్రం ఆమె మెట్లు దిగి మీటరు చూసింది. సున్నా. మెట్టు మీద కూర్చుండిపోయింది.

"అక్కా, నువ్వు కడిగింది మురికి కాదు. మూడు నెలలుగా పెరిగిన నా పనివాళ్లని."

ఆమే మళ్లీ, "మడి కట్టుకుని మరీ చంపావు కదక్కా" అని నవ్వింది. తనకు ఇంకో మూడు నెలలు ఉన్నాయో లేదో ఇద్దరికీ తెలియదు. తిట్టినా బాగుండేది.

మళ్లీ మొదలుపెట్టాం. ఆమె మెట్టు మీద కూర్చుని చెప్పేది, నేను చేసేదాన్ని. "తొందరపెడితే చస్తాయి, మర్చిపోయినా చస్తాయి" అనేది. వారాల తరబడి రోజూ మీటరు చదవమనేది. సున్నా అంటే, సరే అని రాసుకునేది. దేవుణ్ణి పిల్లల కోసం అడిగాను, ఆరోగ్యాల కోసం అడిగాను. సూక్ష్మజీవుల కోసం అడగడం అదే మొదలు.

ఆమెను ఆసుపత్రిలో చేర్చాక ఒక ఉదయం, బయల్దేరబోతూ కిందికి వెళ్లి చూశాను. మీటరు సున్నా దాటింది.

నేను వెళ్లేసరికి కళ్లు మూసుకుని ఉంది. వంగి చెవిలో చెప్పాను.

"చదువు" అంది.

చదివాను.

"మళ్లీ చదువు. అక్కడ చలెంత?"

రెండూ చెప్పాను. పెన్ను పట్టే బలం లేదు. చూపుడువేలితో దుప్పటి మీద ఒక్కో అంకె రాసుకుంది. దశాంశ చుక్క పెట్టాల్సిన చోట వేలు ఆగి, కాస్త గట్టిగా నొక్కింది. అక్కడ చిన్న గుంట పడి, మెల్లగా పూడుకుపోయింది.