అల్లుడు గారి జీఐ వైరింగు

ఒకే పొద్దుట మామగారికి, అత్తగారికి, వాళ్ల పాడిగేదెకు వరసగా షాకు కొట్టించిన అల్లుడు గోదావరి జిల్లాల్లో నేను తప్ప ఇంకొకడు ఉంటాడని అనుకోను. ఒకవేళ ఉంటే దయచేసి నాకు చెప్పకండి. నాకున్న ఘనత అదొక్కటే. అంతా అయ్యాక నేను తేలింది గేదె కుడితి తొట్టిలో. అందులోకి నన్ను ఎవరూ తొయ్యలేదు. నా తెలివితేటలే నన్ను అంతదూరం తీసుకెళ్లాయి.

అప్పటికి మా పెళ్లై ఇంకా పసుపు బట్టల వాసన పోలేదు. నేను రాజమండ్రిలో ఒక ఎలక్ట్రికల్ సామాన్ల షాపులో కంప్యూటరు ముందు కూర్చుని బిల్లులు కొట్టేవాణ్ణి. వైర్లు, స్విచ్చులు, హోల్డర్లు అన్నిటి పేర్లూ నాకు నోటికొచ్చు. వాటిలో ఏది దేనికి కలపాలో మాత్రం ఎప్పుడూ ఎవరూ అడగలేదు, నేనూ తెలుసుకోలేదు. సంబంధం కుదిర్చిన పెద్దమనిషి మా అత్తవారితో "అబ్బాయి కరెంటు లైన్లో ఉన్నాడండి" అన్నాడట. ఆ మాట రావులపాలెం దాటి లోపలున్న వాళ్ల ఊళ్లోకి వెళ్లేసరికి ‘కరెంటు ఇంజనీరు’ అయి కూర్చుంది. అది తప్పని చెప్పాల్సినవాణ్ణి నేనే. చెబుదామనే అనుకున్నాను. కానీ కొత్త అల్లుడికి పూతరేకులు వడ్డిస్తూనే ఉంటారు కదండీ, నోరు ఖాళీ దొరకలేదు.

మా మామగారికి అరటి తోట ఉంది. ఇంటి వెనక పెరట్లో దొండ పందిరి, పందిరి అవతల గేదె పాక. ఆయన మాట మెత్తన, మనిషి ఇంకా మెత్తన. నా కంటే అంత పెద్దవాడై ఉండీ నన్ను "అల్లుడు గారూ, ఫ్యాను కిందకి రండి, చెమట పడుతోంది మీకు" అని పిలిచేవారు. ఆ ‘గారు’ వినగానే నా ఛాతీ సైకిలు ట్యూబులా పొంగేది.

నేను ఇంజనీరునని తెలిసిన దగ్గర్నించి ఊళ్లో ఎవరికి ఏ సందేహం వచ్చినా మా అత్తవారి వసారాలోకి వచ్చేసేది.

"ఫ్యాను నెమ్మదిగా తిప్పితే బిల్లు తగ్గుతుందాండీ?" అని పక్కింటి వీర్రాజు గారు అడిగారు.

"తగ్గుతుంది. గాలి కూడా తగ్గుతుంది" అన్నాను. ఆయన తృప్తిగా తలూపారు.

"మూడు పిన్నుల ప్లగ్గులో పై పిన్ను అంత లావుగా ఉంటుందేంటి బాబూ?" అని అత్తగారు.

"మిగతా రెండిటికీ పెద్దదిక్కు లాంటిదండి అది."

"మా ఫ్రిజ్జు తలుపు ముట్టుకుంటే ఒక్కోసారి జివ్వుమంటోందండి. దేనివల్లంటారు?" అని మళ్లీ వీర్రాజు గారే.

"ఫ్రిజ్జు కదండీ, చల్లదనం" అన్నాను.

ఇలాంటి జవాబులు చెప్పిన నోటికి ఆ రోజే తాళం పడి ఉంటే బాగుండేది. పడలేదు. మా ఆవిడ శ్యామల మాత్రం గుమ్మంలో నిలబడి నన్ను అదోలా చూసింది. "నిజంగా తెలిసే చెబుతున్నారా?" అని గదిలోకి వచ్చాక అడిగింది. "నాకు తెలియకపోతే మా షాపు ఎలా నడుస్తుంది?" అన్నాను. ఆ షాపు నేను సెలవు పెట్టిన రోజు ఇంకా బాగా నడుస్తుందని ఆమెకప్పటికి తెలియదు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర అత్తగారు అసలు సంగతి ఎత్తారు. గేదె పాకలో లైటు లేదు. తెల్లవారుజామున పాలు తియ్యాలంటే మామగారు సెల్‌ఫోను టార్చి నోట్లో కరుచుకుని పితకాల్సి వస్తోంది.

"మీరుండగా ఇంకొకళ్లని పిలవడమేంటని ఆగామండి" అన్నారు మామగారు. "మీకు వీలైతేనే సుమండీ."

నేను చెయ్యి కడుక్కుని నేరుగా పెరట్లోకి నడిచాను. వసారా గోడకి ప్లగ్గు బోర్డు ఉంది. అక్కణ్ణుంచి పాక దాకా బల్బుకి రెండు వైర్లు కావాలి. ఇంట్లో వెతికితే ప్లాస్టిక్ తొడుగున్న వైరు ఒక్క వరసకి సరిపడా దొరికింది. రెండోదానికి ఏం చెయ్యాలా అని చూస్తుంటే, దొండ పందిరి అల్లగా మిగిలిన జీఐ తీగ చుట్ట పాక చూరుకి వేలాడుతూ కనబడింది. వెండిలా మెరుస్తోంది.

"ఇదుంది కదండీ!" అన్నాను.

మామగారు కొంచెం తటపటాయించారు. "అది ఉత్తి ఇనప తీగ కదండీ అల్లుడు గారూ. పైన తొడుగు లేదు. పట్టుకుంటే కొట్టదాండీ?"

ఇక్కడ నేను చెప్పిన జవాబు చదివి మీరు పుస్తకం మూసేసినా నేనేమీ అనుకోను. మా షాపులో జీఐ తీగకి బిల్లు కొట్టినప్పుడల్లా ‘జింకు పూత’ అని కొట్టేవాణ్ణి. ఆ పూత తుప్పు పట్టకుండా వేస్తారని నాకు ఎవరూ చెప్పలేదు. పూత అంటే తొడుగు, తొడుగు అంటే కరెంటు బయటికి రాకుండా వేసేది. నా లెక్క అంత తేలిగ్గా తేలిపోయింది.

"ఇది మామూలు ఇనుము కాదండి మావయ్య గారూ. గాల్వనైజ్డ్. పైన జింకు పూత ఉంటుంది. ప్లాస్టిక్ పాతకాలం తొడుగు, ఇది కొత్త రకం."

"అలాగాండీ!" అన్నారాయన. ఆ ముఖంలో ఎంత గౌరవమంటే, జింకుని నేనే కనిపెట్టానని అనుకున్నారేమో.

సాయంత్రానికల్లా తీగని వసారా నుంచి పందిరి సరుగుడు వాసాల మీదుగా పాకలోకి లాగాను. పాక స్తంభానికి మనిషి ఛాతీ ఎత్తున చుట్టి, హోల్డరుకి కలిపాను. ఇటు కొసన రెండు పిన్నుల ప్లగ్గు. స్విచ్చు వేశాను. పాకలో బల్బు భగ్గున వెలిగింది. గేదె కూడా తలెత్తి చూసింది.

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? అందరూ చూస్తుండగా పాకలోకి వెళ్లి, వెలుగుతున్న బల్బు కింద ఆ జీఐ తీగని గుప్పిటతో పట్టుకున్నాను.

"చూశారా? ఏమైనా అయిందా?"

ఏమీ కాలేదు. వీర్రాజు గారు "ఔరా!" అన్నారు. అత్తగారు లోపలికి పరిగెత్తి ఉప్పూ మిరపకాయలూ తెచ్చి నాకు దిష్టి తీశారు. నేను తీగ వదలకుండానే దిష్టి తీయించుకున్నాను.

ఎందుకు ఏమీ కాలేదో తర్వాత మా షాపు ఓనరు నన్ను కూర్చోబెట్టి చెప్పారు. బల్బుకి వెళ్లే రెండు వైర్లలో ఒకదాన్నిండా కరెంటు ఉంటుంది. రెండోది అది తిరిగి వెళ్లే దారి, దాన్ని ముట్టుకుంటే సాధారణంగా ఏమీ తెలియదు. ఆ సాయంత్రం నా అదృష్టం కొద్దీ జీఐ తీగ ఆ రెండోదానికి తగిలింది. కానీ రెండు పిన్నుల ప్లగ్గుని ఇటు తిప్పి పెట్టినా బల్బు వెలుగుతుంది, అటు తిప్పి పెట్టినా వెలుగుతుంది. అటు తిప్పితే మాత్రం కరెంటంతా జీఐ తీగలోకి వస్తుంది. జింకు పూత దాన్ని ఆపకపోగా దగ్గరుండి మోసుకొస్తుంది.

ఆ సాయంత్రమే అత్తగారు దోసెల పిండి రుబ్బడానికి నా ప్లగ్గు పీకి గ్రైండరు పెట్టుకున్నారు. తెల్లవారుజామున మామగారు పాలకి వెళ్తూ నా ప్లగ్గు మళ్లీ పెట్టారు. ఎటు తిప్పి పెట్టారో మీకు తెలిసిపోయింది.

నేను లేచి వసారాలో కూర్చునేసరికి మామగారు ఖాళీ పాలచెంబుతో వచ్చారు. ఎడం చేత్తో కుడి చెయ్యి రుద్దుకుంటున్నారు.

"పాలేవండీ?" అని అత్తగారు అడిగారు.

"ఒలికిపోయాయి. తువ్వాలు తీగ మీద వేద్దామని చెయ్యెత్తాను..." అని నా వైపు చూసి ఆగిపోయారు. "చెంబు జారిందిలే."

"దెబ్బ తగిలిందాండీ?" అన్నాను.

"అబ్బే, లేదండి. కాస్త జివ్వుమంది. చల్లగాలికి అయ్యుంటుందండి" అన్నారు.

కాసేపటికి అత్తగారు గడ్డి వెయ్యడానికి వెళ్లారు. పాకలోంచి "అమ్మో!" అని ఒక్క కేక వినిపించింది. మోచెయ్యి పట్టుకుని వచ్చారు.

"ఏమైందమ్మా?" అంది శ్యామల.

"ఏం లేదే. వాతం. ఎముకలోంచి పొడిచినట్టయింది." ఆవిడా నా వైపు చూసి, "కాఫీ తాగారా బాబూ?" అని మాట మార్చేశారు.

శ్యామల వాళ్లిద్దరినీ చూసింది, నన్ను చూసింది, పెరటి వైపు చూసింది. ఏదో అడగబోయింది. ఈలోగా పాకలో పెద్ద చప్పుడైంది. గేదె పలుపు తెంపుకుని, దొండ పందిరి కింద నుంచి దూసుకుపోయి, వీర్రాజు గారి అరటి తోటలో పడింది.

దాన్ని పట్టుకుని తోలుకొచ్చేసరికి వీర్రాజు గారి లుంగీ మోకాళ్ల దాకా బురద. ఆయన గేదెని జామచెట్టుకి కట్టేసి మామగారి దగ్గరికి వచ్చారు.

"ఏవండోయ్, నేను గట్టు మీంచి చూస్తూనే ఉన్నాను. దీని కొమ్ము ఆ తీగకి తగలగానే ఎగిరిపడింది. అందులో కరెంటుందేమోనండి."

మామగారికి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. కోపంలో కూడా ‘అండి’ వదల్లేదాయన.

"ఏం మాటలండీ అవి? మా అల్లుడు గారు రాజమండ్రిలో ఇంజనీరండి. నిన్న మీ కళ్లముందే గుప్పిటతో పట్టుకున్నారు. మీరూ చూశారు కదండీ!"

"చూశాననుకోండి. కానీ గేదె అబద్ధం చెప్పదు కదండీ."

నా పరువు ఒక గేదె సాక్ష్యంతో పోతోందని నాకు రోషం వచ్చింది. లేచి నిలబడ్డాను.

"ఉండండి. ఇప్పుడే తేల్చేద్దాం. లైటు వెలుగుతుండగానే మళ్లీ పట్టుకుంటాను."

"వద్దండీ!" అంది శ్యామల. "ముందు ప్లగ్గు తీసి చూడండి."

"ప్లగ్గు తీసి పట్టుకుంటే అందులో గొప్పేముంది?" అని చరచరా పాకలోకి నడిచాను. కాళ్లకి రబ్బరు చెప్పులున్నాయి. పెళ్లిలో మా అత్తవారు పెట్టిన ఖరీదైన తోలు చెప్పులు బురదకి పాడవుతాయని తొడుక్కోలేదు. నేనీ రోజు మీకీ కథ చెబుతున్నానంటే ఆ పిసినారితనం వల్లే.

చెయ్యి చాచాను. వేళ్లు ఇంకా తీగని పూర్తిగా ముట్టుకోలేదు. భుజంలో ఎవరో సమ్మెట పెట్టి కొట్టినట్టయింది. తర్వాత ఒక్క క్షణం నేను ఎక్కడా లేను. ఆ తర్వాత కుడితి తొట్టిలో ఉన్నాను. తవుడు నీళ్లు చెవుల్లోకి, ముక్కులోకి వెళ్లాయి. కాళ్లు బయట, తక్కినదంతా లోపల.

మామగారు "అల్లుడు గారూ!" అంటూ పరిగెత్తబోయారు. శ్యామల ఆయన్ని రెండు చేతులతో ఆపింది.

"ఎవరూ ఆయన్ని ముట్టుకోకండి! తీగని కూడా!" అని అరిచి, వసారాలోకి దూకి, స్విచ్చు కట్టి, ప్లగ్గు పీకి, దాన్ని చేత్తో ఎత్తి చూపించి, "ఇప్పుడు తియ్యండి" అంది.

మామగారూ వీర్రాజు గారూ చెరో చెయ్యీ పట్టుకుని నన్ను బయటికి లాగారు. నా తల మీద నానిన అన్నం మెతుకులు, మెడ చుట్టూ అరటి తొక్క. శ్యామల నా చెయ్యి పట్టుకుని వేళ్లు కదిలించమంది. కదిలించాను. ఇంకోసారి కదిలించమంది. అత్తగారు వట్టికాళ్లతో ఉన్నారు. పాకలో నేలంతా తడి. ఆవిడ ఆ తీగని మోచేత్తో కాక గుప్పిటతో పట్టుకుని ఉంటే? ఆ ఆలోచన రాగానే నా ఒళ్లు కుడితి కంటే చల్లబడింది. ఇది మాత్రం నవ్వుతూ చెప్పడం లేదు.

"మావయ్య గారూ," అన్నాను, "మీక్కూడా షాకు కొట్టింది కదూ?"

ఆయన నేల చూపులు చూశారు. "కొట్టిందండి. కానీ నిన్న మీరు పట్టుకుంటే కొట్టలేదు, పొద్దున నేను పట్టుకుంటే కొట్టింది. అంటే తీగ మంచిదే, నా నరాల్లోనే ఏదో లోపం ఉందనుకున్నానండి. మీరు రాజమండ్రి వెళ్లాక డాక్టరుకి చూపించుకుందామనుకున్నాను."

"నేనూ అందుకే చెప్పలేదు బాబూ" అన్నారు అత్తగారు. "వాతం ముదిరిందనుకున్నాను."

వాళ్ల మర్యాదకి నాకు ఏడుపొక్కటే తక్కువ. ముక్కులోంచి తవుడు తుడుచుకుంటూ అక్కడికక్కడే నిజం చెప్పేశాను.

"నేను ఇంజనీరుని కాదండి. షాపులో బిల్లులు కొడతాను. కరెంటు పని నాకు రాదు."

మామగారు భుజం మీది తువ్వాలు తీసి నాకందించారు.

"దానికేముందండీ. బిల్లులైనా కరెంటు సామాన్లవే కదండీ" అన్నారు.

వీర్రాజు గారు ఇంకేదో ఆలోచిస్తున్నారు. "అయితే మా ఫ్రిజ్జు...?" అని మొదలుపెట్టారు.

"వెంటనే ప్లగ్గు తీసేసి ఎలక్ట్రీషియన్ని పిలవండి!" అన్నాను. ఆ ఊళ్లో నేను చెప్పిన మొదటి సరైన జవాబు అది. ఆయన బురద లుంగీతోనే ఇంటికి పరిగెత్తారు.

ఆ మధ్యాహ్నమే రావులపాలెం నుంచి పని తెలిసిన మనిషి వచ్చి, మంచి కేబులు లాగి, ఎర్తు కూడా సరిచేసి వెళ్లాడు. జీఐ తీగ తిరిగి దొండపాదు దగ్గరికి చేరింది. శ్యామల నాతో ఆ రోజంతా మాట్లాడలేదు. మర్నాడు బస్సులో గోదావరి వంతెన మీదికి వచ్చాక హఠాత్తుగా నవ్వడం మొదలెట్టి, రాజమండ్రి దాకా ఆపలేదు.

మళ్లీ అత్తవారింటికి వెళ్లింది ఎండాకాలంలో, కొత్త ఆవకాయ కలిపే రోజుల్లో. వీధి గుమ్మంలోనే మామగారు ఎదురొచ్చి సంచీ అందుకున్నారు. లోపల మంచం వాల్చి, అత్తగారు విసనకర్రతో పక్కన నిలబడ్డారు. పైన ఫ్యాను కదలడం లేదు. నా చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. పక్కింట్లోంచి మాత్రం వీర్రాజు గారి టీవీ ఖంగుమని వినిపిస్తోంది.

"కరెంటు పోయిందాండీ?" అని అడిగాను.

"లేదండి, ఉందండి" అన్నారు మామగారు ఎంతో మర్యాదగా. "మీరొస్తున్నారని మెయిను కట్టేశామండి."

కాబట్టి పెద్దలారా, ఇందుమూలంగా ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట ఏ అత్తవారింట్లోనూ ఏ వైరునూ ముట్టుకోను, ఏ తీగనూ పొగడను, కరెంటు గురించి ఎవరు ఏమడిగినా నోరు విప్పను. మరీ బలవంతపెడితే, ఆ ప్రశ్నకి సరిపడా బిల్లు మాత్రం కొట్టి ఇస్తాను.